స్క్రూల మీద గోళ్లరంగు

దిగంబర్ మోచెయ్యి ఒక్కటే కనబడుతోంది. మిగతా మనిషి పూలపూల తెర వెనక ఉన్నాడు, ఆ తెర వెనకే సుమన కంప్యూటర్ డబ్బా కూడా ఉంది. బాగుచేసే పనికి తెర ఎందుకో ఆమెకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. ఆడవాళ్లను చూసే డాక్టరు తెర కట్టుకుంటాడు, సరే. ఫోటోలు కడిగేవాడు చీకటి గది పెట్టుకుంటాడు, అదీ సరే. స్క్రూలు విప్పేవాడికి దాచుకోవలసిన పని ఏముంటుంది? ఏదో ఉంది కాబట్టే తెర ఉంది. లోపల ర్యామ్ అని ఒక పచ్చ పట్టీ ఉంటుందట, మంచిది తీసి పాతది పెడతారట, పెట్టినవాడికీ పైవాడికీ తప్ప మూడో మనిషికి తెలియదట. పక్కింటి ఉమాబాయి చెప్పింది. ఉమాబాయి కంప్యూటర్‌ను తాకి ఎరగదు, కానీ ఆమె మిక్సీలోంచి రాగితీగ తీసి అల్యూమినియం తీగ చుట్టి ఇచ్చినవాడొకడు ఇదే వజీరాబాద్‌లో ఉండేవాడు. ఆ ఒక్క అనుభవంతో ఆమె లోకంలోని మెకానిక్కులందరి గురించీ మాట్లాడగలదు. అందుకే సుమన ప్లాస్టిక్ కుర్చీలో ఒక పక్కకు జరిగి కూర్చుంది. అలా కూర్చుంటే తెరకూ గోడకూ మధ్య సందులోంచి ఆ మోచెయ్యి కనబడుతుంది. పైకి లేస్తే ఏదో ఊడదీస్తున్నట్టు, కిందికి దిగితే ఏదో బిగిస్తున్నట్టు. ఇప్పటిదాకా ఊడదీయడమే ఎక్కువగా జరిగింది.

బయట మెట్టు మీద భీమవ్వ కూర్చుని ఉంది. ఇంట్లో ఊడ్చి, తుడిచి, గిన్నెలు తోమే మనిషి. ఇత్వారాలోని ఇంటి నుంచి ఇక్కడిదాకా ఆటోలో డబ్బాను ఒళ్లో పెట్టుకుని తెచ్చింది ఆమే, మళ్లీ ఒళ్లో పెట్టుకుని ఇంటికి చేర్చవలసిందీ ఆమే. ఆ తర్వాత ఆమెకు ఆ ఇంట్లో పని లేదు. ఆ సంగతి భీమవ్వకు తెలియదు. సుమన మాత్రం పొద్దున పళ్లు తోముకుంటూనే మాట సిద్ధం చేసి పెట్టుకుంది. రేపటి నుంచి రాకు భీమవ్వా. అంతే. కోపం కనబడకూడదు, కారణం అడిగితే చెప్పకూడదు, చెబితే వాదన మొదలవుతుంది, వాదనలో సుమన ఎప్పుడూ గెలిచింది లేదు. దిగంబర్ తెర వెనక నుంచి బయటికొచ్చి లోపల తడి తగిలింది అనో, నీళ్లు దిగాయి అనో ఒక్క మాట అంటే చాలు. ఆ మాట కోసమే ఆమె ఈ కుర్చీలో కూర్చుంది. కంప్యూటర్ బాగుపడటం కూడా కావలసిందే, కానీ ఈ గంటలో అది రెండో సంగతి అయిపోయింది.

కంప్యూటర్ ఇంటికి వచ్చిన రోజు నుంచీ ఆమెకు నిద్ర లేదంటే అబద్ధం కాదు. కంపెనీది కొనాలా, విడివిడి సామాన్లు తెచ్చి జోడించింది కొనాలా అన్న దగ్గరే మొదటి తగువు. మరిది యోగేశ్‌కు ఈ ఊళ్లోనే శ్రీనగర్ పేటలో కంప్యూటర్ క్లాసు ఉంది, వాడు జోడించిందే మేలన్నాడు. కంపెనీదైతే పేరుకే డబ్బులు ఇచ్చుకోవాలి వదినా, నేను లోపల అంతా మంచివే వేయిస్తాను అన్నాడు. మంచివే అని అంత గట్టిగా ఎందుకు అన్నట్టు? భర్త రాజమౌళి బట్టల దుకాణం నుంచి వచ్చి, అన్నం తింటూ అంతా విని, నీ ఇష్టం అన్నాడు. ఆ మాటను ఆమె పెళ్లయిన నాటి నుంచీ నమ్మలేదు. రేపు తేడా వస్తే నీ ఇష్టమే కదా అనడానికి ఇవాళే మూట కట్టి పెట్టుకునే మాట అది. చివరికి జోడించిందే వచ్చింది. వచ్చిన సాయంత్రమే సుమన తన కూతురు ప్రాచిది గోళ్లరంగు సీసా తీసుకుని డబ్బా వెనక ఉన్న ప్రతి స్క్రూ మీదా ఒక ఎర్ర చుక్క పెట్టింది, సగం స్క్రూ మీద, సగం రేకు మీద. ఎవరు విప్పినా చుక్క పగులుతుంది. యోగేశ్ చూసి పగలబడి నవ్వి, వదినా పెళ్లికూతురికి పారాణి పెట్టినట్టు పెట్టావు అన్నాడు. నవ్వనీ. నవ్వేవాడి చెయ్యి ఎక్కడుందో చూసుకోవాలని ఆమె తండ్రి అనేవాడు.

తండ్రి గుర్తొస్తే పలక గుర్తొస్తుంది. బళ్లో మరాఠీ, ఇంట్లో పొద్దుగూకగానే తెలుగు పలక. చుట్టూ ఉన్న పిల్లలు ఆడుకుంటుంటే ఈమె అ ఆలు దిద్దేది. ఏడ్చేది కూడా. ఈ ఊళ్లో ఇదేం పనికొస్తుంది నాయనా అంటే, పనికొచ్చిన రోజు నన్ను తలుచుకో అనేవాడు. తలుచుకుంటూనే ఉంది. ముందుగదిలో టేబుల్ వేసి, బయట లగ్నపత్రికలు అని అట్టమీద రాసి తగిలించాక మరాఠీ పత్రికలు వేసేవాళ్లు వీధికొకరు దొరికారు గానీ, తెలుగులో వేసేది ఈమె ఒక్కతే. ఈ జిల్లాలోని హిమాయత్‌నగర్ నుంచి వస్తారు, కిన్వట్ వైపు నుంచి వస్తారు, చెప్పులు బయట విడిచి, శుభలేఖ తెలుగుల కావాలమ్మా అంటూ తలుపు దగ్గర నిలబడతారు. హైదరాబాద్ నుంచి ఫ్లాపీలో తెప్పించిన తెలుగు అక్షరాలు ఒకరోజు అక్షరాల్లాగా వస్తాయి, ఒకరోజు తెరనిండా గళ్లుగళ్లుగా వస్తాయి. వరుడి పేరు ఉండవలసిన చోట నాలుగు గళ్లు, వధువు పేరు ఉండవలసిన చోట ఐదు గళ్లు. అప్పుడు కూడా ఆమెకు అనుమానమే వచ్చింది. మొన్న ప్రాచి ఆడుకుంటానంటే యోగేశ్ ఇచ్చిన ఆటల ఫ్లాపీలో ఏముందో ఎవరు చూశారు? వదిన డబ్బా పాతదైపోతే కొత్తది ఇప్పించవలసింది వాడే కదా. ఇప్పుడు కొత్తగా వచ్చింది తీసుకో, ఇది ముసలిదైపోయింది అని దసరాకు ముందే ఒకసారి అననే అన్నాడు. అన్న తర్వాతే ఇది మూలగడం మొదలుపెట్టింది.

నిజంగానే మూలిగింది. దసరా అయిన కొన్నాళ్లకు డబ్బాలోంచి గరగరమని చప్పుడు, గొంతులో ఏదో అడ్డుపడ్డ మనిషిలాగా. తర్వాత చప్పుడు ఆగిపోయింది, ఆమె సంతోషించింది, సంతోషించినంతసేపు పట్టలేదు తెర నల్లబడటానికి. మళ్లీ పెడితే కాసేపు నడిచి, పత్రిక సగంలో ఉండగా, వధువు తండ్రి పేరు దగ్గర ఆరిపోయేది. ఇంకొంచెంసేపు ఆగి పెడితే బంధుమిత్రుల దగ్గర. కార్తీకంలో తులసి పెళ్లి పండుగ అవగానే ముహూర్తాలు మొదలవుతాయి, అప్పటికి ఇది ఇలాగే ఉంటే తలుపు దగ్గర చెప్పులు విడిచేవాళ్లు వేరే తలుపు వెతుక్కుంటారు. కరెంటు మీద అనుమానపడింది, కరెంటు రోజూ చెప్పకుండా పోయేదే, దాని తప్పు లేదనిపించింది. బల్లి మీద అనుమానపడింది. యోగేశ్ మీద ఉన్న అనుమానాన్ని మాత్రం ఎక్కడా వదల్లేదు, నిన్న మధ్యాహ్నం దాకా. నిన్న మధ్యాహ్నం టార్చి పెట్టి డబ్బా వెనక చూసింది. ఎర్ర చుక్కలు ఒక్కటీ పగల్లేదు, పెట్టిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. అంటే ఎవరూ విప్పలేదు. యోగేశూ విప్పలేదు. విప్పకుండా దీన్ని పాడుచేయగల చెయ్యి ఏది? టార్చి ఆర్పకుండా అక్కడే కూర్చుండిపోయింది. తడిబట్ట పట్టుకున్న చెయ్యి అని తోచింది.

ఒకసారి తోచాక ఇక అన్నీ అటే నడిచాయి. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. డబ్బా నిలబెడితే టేబుల్ కింద పట్టక పడుకోబెట్టి ఉంచారు, గాలి కోసమని కోసిన చీలికలు పైకి ఉంటాయి. భీమవ్వ దాని మీద తడిబట్ట వేసి తుడవడం ఆమె తన కళ్లారా చూసింది. వద్దని చెప్పింది కూడా, చెప్పినప్పుడు సరే అంది, ఆ తర్వాత తుడిచిందో లేదో ఎవరు చూడొచ్చారు? ఇంకొకటి. దసరా సెలవుకు ఊరికి పోయి వచ్చిన తెల్లవారి భీమవ్వ కసువు ఎత్తుతూ, చేటలోని చెత్తను వేళ్లతో కెలికి కెలికి చూసింది. ఏదో వెతికినట్టు. సుమన లోపలి నుంచి చూసి ఊరుకుంది. చెత్తలో ఏం వెతుకుతుంది మనిషి? పారేసిన కాగితాలా? పారేసినట్టు పారేసి తర్వాత తీసుకోవాలని దాచిన వస్తువా? ఇల్లంతా చూసుకుంది, ఏదీ పోలేదు. ఏదీ పోకపోవడం ఆమెను ఇంకా భయపెట్టింది. ఆ రోజే భీమవ్వ డబ్బా మీద అరచెయ్యి ఆనించి ఆ చెయ్యి కళ్లకు అద్దుకుంది. అది మొక్కడమో, వేడి ఉందో లేదో చూడటమో.

పొద్దున ఆటోలో రైలుగేటు దగ్గర ఆగినప్పుడు సుమన వీధి వైపు చూస్తూ, ఎవరితోనో అన్నట్టు, దీని మీద ఎవలిదో చెయ్యి పడ్డది అంది. భీమవ్వ డబ్బాను ఇంకొంచెం దగ్గరికి జరుపుకుంది, కొంగు దాని మీద కప్పింది, దుమ్ము పడకుండానో మరెందుకో. మారు మాట్లాడి ఉంటే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుందని అనుకునేది సుమన. మాట్లాడలేదు కాబట్టి, తెలిసే గమ్మునుందని అనుకుంది. ఎటు తిరిగినా భీమవ్వకు దారి లేదు, ఆ మాట సుమనకు అప్పుడు తట్టలేదు.

మోచెయ్యి కనబడటం లేదు. సుమన మెడ సాచింది. తెర వెనక ఉఫ్ ఉఫ్ అని ఊదుతున్న చప్పుడు. ఏం ఊదుతున్నాడు? బయట గురుద్వారా వైపు పోయే వ్యాను ఒకటి హారన్ కొడుతూ పోయింది. తలుపు సందులోంచి భీమవ్వ వీపు, నెరిసిన ముడి, మెట్టు మీద ఆమె పక్కన విడిచిన చెప్పులు కనబడుతున్నాయి. రిపేరు దుకాణం బయటి మెట్టుకు కూడా చెప్పులు విడుస్తుంది. ఈమె లేకపోతే ఇల్లు ఎలా ఉంటుందో ఒక్కసారి అనిపించింది సుమనకు. ప్రాచిని తెలుగులో అడిగితే మరాఠీలో జవాబు చెబుతుంది, రాజమౌళి ఏ భాషలోనూ జవాబు చెప్పడు. పగలంతా ఇంట్లో వినబడే తెలుగు భీమవ్వదే. ఇస్లాపూర్ దగ్గర పల్లె. మొగుడు సంగన్న పోయాక పొలం పనులు దొరక్క ఈ ఊరికి వచ్చింది. ఆ ఊరి మాట వింటే సుమనకు తండ్రి గొంతు విన్నట్టే ఉంటుంది. అందుకే పెట్టుకుంది పనిలో. పని అయ్యాక ఇద్దరూ చాయ్ తాగుతారు, సుమన కుర్చీలో, భీమవ్వ గడప దగ్గర. భీమవ్వ గ్లాసు వంటింటి కిటికీలో బోర్లించి ఉంటుంది. అది వేరు అని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. అయినా అది వేరే. మంచి మనిషే, అని మనసు కొంచెం మెత్తబడింది, వెంటనే మంచి మనుషులనే కదా నమ్మి మోసపోతారు అని గట్టిపడింది. రేపటి నుంచి రాకు భీమవ్వా. మాట ఇంకా నాలుక మీదే ఉంది, ఎక్కడికీ పోలేదు.

కరెంటు పోయింది. పంకా ఆగింది, పక్క దుకాణంలో పాట ఆగింది. తెర వెనక దిగంబర్ విసుగ్గా ఏదో అనుకుని, సర్రున తెర పక్కకు లాగేశాడు. వెనక కిటికీ ఉంది, వెలుతురు అక్కడి నుంచే వస్తుంది. సుమన కళ్లు ఆ గదినంతా ఒక్కసారిగా ఊడ్చుకొచ్చాయి. ఒక బల్ల, బల్ల మీద విప్పిన తన డబ్బా, పక్కన సగం తిన్న జొన్న భాకరీ ఉన్న టిఫిన్, గోడకు తగిలించిన చొక్కా. దాచిపెట్టిన ర్యాములు లేవు, మార్చే పాత సామాన్లు లేవు. రోడ్డు దుమ్ము సామాన్ల మీద పడకుండా తెర కట్టానని అతను అడగకుండానే చెప్పాడు, ఆమె మెడ సాచడం చూసి ఉంటాడు.

"తాయీ, జరా ఇకడే యా," అని పిలిచాడు.

దగ్గరికి వెళ్లింది. బోర్డు మధ్యలో చిన్న పంకా, దాన్ని చూపించాడు. తడి లేదు, నీళ్లు లేవు, ఏదీ కాలిపోలేదట. ఈ పంకా తిరగక లోపల వేడెక్కి, వేడెక్కినప్పుడల్లా యంత్రం తనను తాను ఆర్పుకుంటోందట. పంకా తిరగకపోవడానికి కారణం ఇదిగో అని చిమటాతో తీసి అరచేతిలో పెట్టాడు. ఎండిపోయిన సన్నని పుల్ల, దానికి ఇంకా పట్టుకుని ఉన్న గోరంత గోరంత ఆకులు, మిగతాది పొడి. డబ్బాను పడుకోబెట్టమని ఎవరు చెప్పారని మందలించి, "హే కాయ్ ఆహే?" అన్నాడు, ఇదేమిటి, చింతాకా అని. మరాఠీ మనిషి, దసరాకు ఆవు గిట్టలాగా రెండుగా చీలిన ఆపటా ఆకును బంగారమని పంచుకునేవాడు, ఈ ఆకును అతను ఎలా పోల్చుకుంటాడు?

సుమన పోల్చుకుంది. జమ్మి. ఇత్వారాలో ఆ దసరాకు అందరూ ఆపటా ఆకే ఇచ్చారు, ఉమాబాయి ఇచ్చింది, యోగేశ్ ఇచ్చాడు, దుకాణం వాళ్లు ఇచ్చారు, అందరి దగ్గరా ఈమె రెండు చేతులూ పట్టి తీసుకుంది. జమ్మి తెచ్చింది ఒక్కరే, భీమవ్వ. పండుగ మర్నాడు, బస్సు దిగి నేరుగా, ముడుచుకున్న కొంగు విప్పి జమ్మి రెమ్మ తీసి, బంగారం తీస్కో అమ్మా అని రెండు చేతులా చాచింది. సుమన చేతులు కీబోర్డు మీద ఉన్నాయి. అంత అర్జెంటు పత్రిక ఏమీ కాదు, తలుచుకుంటే ఇప్పుడు తెలుస్తోంది. అక్కడ పెట్టు అంది, తల కూడా తిప్పకుండా. ఎక్కడ పెట్టిందో చూడలేదు. తెల్లవారి టేబుల్ మీద ఆకు లేకపోతే, పోనీలే, ఒక పని తప్పింది అనుకుంది. ఏ పని? పెద్దవాళ్ల చేతిలో జమ్మి పెట్టి కాళ్లకు మొక్కాల్సింది చిన్నవాళ్లు. తల్లి వయసు మనిషి ఊరి నుంచి కొంగున కట్టుకుని తెస్తే, ఆ చెయ్యి తగలకుండా తప్పించుకోవడానికి చేతులు పనిలో పెట్టుకుని కూర్చుంది. మొహం మండిపోయింది సుమనకు. దిగంబర్ ముందు నిలబడి, అతనికేమీ తెలియకపోయినా, సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. డబ్బా మీద పెట్టిన రెమ్మ చీలికల్లోంచి లోపలికి జారింది. అంతకంటే ఏ చెయ్యీ దీని మీద పడలేదు.

దిగంబర్ పంకాకు చుక్క నూనె వేసి, వేలితో తిప్పి చూపించి, కొత్తదేమీ కొనక్కరలేదని చెప్పి స్క్రూలు బిగిస్తున్నాడు. పగిలిన గోళ్లరంగు పొడిగా బల్ల మీద రాలింది. సుమన ఆ పుల్లను, ఆకుపొడిని గుప్పిట్లో పట్టుకుని బయటికి వచ్చింది.

భీమవ్వ లేచి నిలబడింది. ఎండకు కళ్లు చికిలించి ఈమె మొహంలోకి చూసింది.

"నా పేరే అచ్చిందా అమ్మా?" అంది.

అంటే తెలుసు. పొద్దున ఆటోలో డబ్బా మీద కొంగు కప్పినప్పుడే తెలుసు, తెలిసే ఒళ్లో పెట్టుకుని మోసుకొచ్చింది. సిద్ధం చేసుకున్న మాట సుమన నోట్లో ఎక్కడ పోయిందో పోయింది. గుప్పిట విప్పి చూపించింది.

భీమవ్వ వంగి చూసింది, చూపుడువేలితో పుల్లను కొంచెం కదిలించింది. ఆమె ముఖం తేటపడటం సుమన చూసింది, ఆ తేటపడటమే భరించలేకపోయింది.

"గిది మన జమ్మి గదా. లోపట్నే ఉన్నదా?" అంది భీమవ్వ. "తెల్లారి కసువు ఎత్తంగ సూసిన, కానరాలె. పారేయలే, అమ్మ తీస్కున్నది అనుకున్న."

"అప్పుడు తీస్కోలే భీమవ్వా," అంది సుమన. "ఇప్పుడు తీస్కుంటున్న."

కొంగు చివర పుల్లను, పొడిని వేసి ముడి వేసుకుంది. కాళ్లకు మొక్కాలని వంగబోయింది, వజీరాబాద్ నడిరోడ్డు, అటూ ఇటూ జనం, వంగనూ లేదు, నిటారుగా నిలబడనూ లేదు. భీమవ్వ అది చూసి తన కాళ్లను మెట్టు కిందికి వెనక్కి తీసుకుంది. దిగంబర్ డబ్బా తెచ్చి ఇచ్చాడు, భీమవ్వ అలవాటుగా చేతులు చాపితే సుమన ముందు అందుకుంది.

ఆటోలో డబ్బా సుమన ఒళ్లో ఉంది. అనుకున్నదానికంటే బరువుగా ఉంది, అంచు మోకాలికి గుచ్చుకుంటోంది, పొద్దున ఇంత దూరం ఈమె ఒక్క మాట అనకుండా ఎలా పట్టుకుందో. భీమవ్వ ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చుంది. రైలుగేటు దాటాక, ఇంటికి పోంగనె ఇంత చాయ్ పెట్టమ్మా, ఎండకు తల నొస్తుంది అంది. పెడత అంది సుమన. అన్న క్షణం నుంచి ఆమెకు వంటింటి కిటికీలో బోర్లించిన గ్లాసే కనబడుతోంది. ఆటో దిగగానే తాను ముందు లోపలికి పోవాలి, భీమవ్వ చూడకముందే ఆ గ్లాసును అక్కడి నుంచి తీసేయాలి. వీధి మలుపు దాకా అదే ఆలోచన. మలుపు తిరిగాక గుర్తొచ్చింది, దాన్ని రోజూ కడిగి అక్కడ బోర్లించేది భీమవ్వే.